ముప్పయ్యో తారీఖు న్యోకీ

మీట నొక్కింది తనే కదా, ఇంకెవరిని అని ఏం లాభం అనుకుంది మాహేలా, టీలా తాగే మాతే ఆకు నింపిన సొరబుర్రలోకి ఫ్లాస్కులోంచి వేణ్ణీళ్ళు వంపుతూ. తెర మీంచి కళ్ళు తిప్పలేక వేలు కాల్చుకుంది. కాలిన వేలు నోట్లో పెట్టుకుని మళ్ళీ తెర వైపే చూసింది. కొత్తాయన పనిలోకి దిగిపోయాడు. ఆఫీసులో ఏఐని అందరూ కొత్తాయన అనే అంటారు. జీతం అడగడు, కుర్చీ అక్కర్లేదు, మాతే తాగడు, ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు ఒంట్లో బాగాలేదని కబురు పెట్టడు, అలాంటివాడికి ఓ పేరైనా లేకపోతే తిట్టుకోవడం ఎలా అని ఎవరో సరదాగా అన్న మాట అలా అంటుకుపోయింది. కిటికీ అవతల మోంతెవిదేయో రేవు మీద ఆగస్టు చలిగాలి ఈల వేస్తోంది, ఇక్కడ ఆగస్టంటే నడిచలికాలం, క్రేన్లు తడిసి నల్లబడ్డాయి, ఇలాంటి తడి రోజుల్లో ఈ గోడల్లోంచి ఇంకా ఉన్ని వాసన వస్తుంది, ఒకప్పుడు ఇది ఉన్ని గోదాము, బేళ్ళు మోసినవాళ్ళు పోయి తాము వచ్చారు, రేపు తాము పోతే ఇక్కడ ఎవరుంటారో, ఎవరూ ఉండరేమో, కొత్తాయనకి గోడలెందుకు. తక్కిన మూడు కుర్చీలూ ఈ పూట ఖాళీగానే ఉన్నాయి. మీరు రావద్దు, మాహేలా ఒక్కతే చాలు అని ఫెర్మీన్ ముందే చెప్పేశాడు.

ఫెర్మీన్ మేనేజరు. సోమవారం తన బల్ల దగ్గరికి వచ్చి, వచ్చినవాడు తిన్నగా సంగతి చెప్పకుండా తన చేతిలోని బుర్ర అందుకుని గొట్టం చివరి దాకా గుర్రుమని పీల్చి, అప్పుడు అన్నాడు, "శుక్రవారం పొద్దున కొత్తాయనకి పాస్తా దుకాణాల ప్రోగ్రాం ఇచ్చెయ్ మాహేలా. పాత భాషలోంచి కొత్త భాషలోకి మొత్తం మార్చమను. నువ్వు పక్కన కూచో. అడిగితే చెప్పు, అడక్కపోతే నోరెత్తకు. గంట చూద్దాం." గంటేమిటయ్యా, నలుగురం ఆర్నెల్లు పడుతుందని రాసిచ్చాంగా అంది తను. "అందుకే చూద్దామంటున్నా" అన్నాడు వాడు, బుర్ర తిరిగిచ్చేస్తూ, గొట్టం వైపు చూస్తూ. "అయితే గనక, నలుగురు అక్కర్లేదు. ఒక్కరు చాలు." ఆ ఒక్కరూ ఎవరో చెప్పలేదు. తను అడగలేదు. యాభై ఒకటో ఏట అడగాల్సిన ప్రశ్న కాదది, జవాబు ముందే తెలిసిపోతుంది, పక్క కుర్చీ రొమీనాకి ఇరవై ఆరు, జీతం తన జీతంలో మూడో వంతు, కొత్తాయనతో పొద్దస్తమానం కబుర్లాడుతూనే ఉంటుంది, ఎవరైనా రొమీనానే ఉంచుకుంటారు. ఆ పిల్ల మాత్రం మొన్న కాఫీ యంత్రం దగ్గర చెవిలో అడిగింది, "మాహేలా, నేను బేకింగ్ లాంటిదేమైనా నేర్చుకుని పెట్టుకోనా?" అని. నవ్వుతూనే అడిగింది గాని కళ్ళు నవ్వలేదు. మొన్న మొన్నటి దాకా కాలేజీలో చివరి పరీక్ష రాయకుండానే కంపెనీలు పిల్లల్ని గద్దలా తన్నుకుపోయేవి, పట్టా తీసుకోవడానికి తీరిక లేనివాళ్ళతో ఈ ఊరు నిండిపోయింది, ఇప్పుడు పట్టా ఉన్న పిల్లలు ఇంట్లో కూర్చుని తలుపు చప్పుడయితే చాలు లేచి చూస్తున్నారట.

తెర మీద వరసలు పరుగెడుతున్నాయి. చదువుతున్నాడు, ముందు అంతా చదువుతున్నాడు, ఒక్క అక్షరం రాయకుండా. అది చూసి మాహేలా వీపు కుర్చీకి ఆన్చింది. చదవకుండా రాసెయ్యడం మొదలుపెడతాడనుకుంది, ఇన్నేళ్ళలో తన దగ్గరికి వచ్చిన పిల్లలంతా అంతే, చొక్కా చేతులు మడిచి రాత్రికి రాత్రే లోకాన్ని బాగుచేసేద్దామని వచ్చినవాళ్ళే. కొత్తాయన అలా కాదు, ఈ మూల నుంచి ఆ మూలకి వెళ్తున్నాడు, ఎప్పుడో పెట్టి మరిచిపోయిన ముడి దగ్గర ఆగుతున్నాడు, చిక్కుపడ్డ జుట్టుని చివర్ల నుంచి దువ్వుకుంటూ వచ్చే తల్లిలాగా ఎక్కడా లాగకుండా, ఎక్కడా తెంపకుండా. ఇరవై రెండేళ్ళుగా తను సాకిన ప్రోగ్రాం అది. పధ్నాలుగు దుకాణాల్లో తెల్లారేసరికి ఎంత పిండి కలపాలి, ఎన్ని గుడ్లు కొట్టాలి, ఎన్ని బంగాళాదుంపలు ఉడకెయ్యాలి, ఆదివారం రవియోలీ ఎన్ని, వానొస్తే ఎన్ని తగ్గించాలి, మ్యాచ్ ఉంటే ఎన్ని పెంచాలి, అన్నీ అందులోనే. అతుకు మీద అతుకు. సిగ్గుపడాల్సిన చోట్లు కూడా ఉన్నాయి, పెళ్ళయిన కొత్తలో హడావిడిగా రాసినవి, విడాకుల ఏడాది ఏడుస్తూ రాసినవి. చదవడం ముగించి కొత్తాయన రాస్తూ రాస్తూ వాటి దగ్గరికి వస్తుంటే పరాయివాడెవడో తన బీరువా తెరిచి చూస్తున్నట్టు ఒళ్ళు ముడుచుకుంది. కానీ వచ్చాడు, చూశాడు, ఏమీ అనకుండా ఆ వంద వరసల్నీ పదకొండు వరసల్లో తిరగరాశాడు, అదే పని, అదే ఫలితం, ఎంత తేటగా ఉందంటే తనే రాయాల్సింది ఇలాగ అనిపించేటంత తేటగా. అబ్బ అంది పైకే. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు, ఈ కొమ్ముల అందం చూస్తుంటే పొడుస్తాయన్న భయం కూడా కాసేపు మరుపుకొస్తోంది. మొదట్లో ఎంత నవ్వుకున్నారు ఈయన్ని చూసి, టీవీలో వచ్చే మెక్సికో డబ్బింగ్ సీరియళ్ళ స్పానిష్ మాట్లాడేవాడు, బాబూ మనం మెక్సికోలో లేం అని రొమీనా తిడితే మర్నాటి నుంచీ రేవు కూలీలా మాట్లాడ్డం మొదలుపెట్టాడు, అప్పుడు మరీ నవ్వొచ్చింది, తర్వాత్తర్వాత ఎక్కడ ఎలా మాట్లాడాలో తెలుసుకున్నాడు.

అబ్బ. అమ్మ కూడా ఇలాగే అంది. హువాన్ లకాసే ఊళ్ళో ఉన్ని మిల్లులో అమ్మ రఫ్ఫు పని చేసేది, మగ్గం మీంచి దిగిన గుడ్డని పెద్ద బల్ల మీద పరుచుకుని, కళ్ళు మూసుకుని అరచేతులు జారుస్తూ పోయేది, తెగిన పోగు దగ్గర చెయ్యి దానంతటదే ఆగేది, ఆగిన చోట సూదితో ఆ పోగుని మళ్ళీ అల్లితే మిల్లు యజమానికే తెలిసేది కాదు ఎక్కడ తెగిందో. పెళ్ళిసూటు గుడ్డలు తనకే ఇచ్చేవారని ఆవిడకి గర్వం. ఓ రోజు పరదేశం నుంచి కొత్త మగ్గం వచ్చింది. ఆ సాయంత్రం అమ్మ ఇంటికొచ్చి, తలగుడ్డ విప్పకుండా వంటింటి స్టూలు మీద కూర్చుని, ఏడుస్తుందేమోనని నాన్న గుమ్మంలో నిలబడిపోతే, "ఏం నేసింది మనిషీ! నువ్వు చూడాల్సింది. నా చెయ్యి ఆ చివరి దాకా పోయింది, ఒక్కచోట ఆగితే ఒట్టు" అంది. కళ్ళు మెరిశాయి. తన కూడు తీసేసే దాన్ని చూసి కళ్ళు మెరిసిన మనిషిని మాహేలా మళ్ళీ చూళ్ళేదు, ఈ పూట తెర అద్దంలో తన మొహం కనిపించే దాకా. బల్ల దగ్గర పనిచేసే పక్కావిడ అమ్మకి ఉపాయం చెప్పిందట, నలుగురం తలా ఓ పోగు తెంపుదాం, పాడు మగ్గమని తిప్పి పంపేస్తారు అని. అమ్మ ఒప్పుకోలేదు. "గుడ్డేం పాపం చేసిందే" అందట. అంతే, ఇంకేం కారణం చెప్పలేదు. ఏడాది తిరక్కుండా రఫ్ఫు బల్లలు తీసేశారు, అమ్మ ఇళ్ళల్లో బట్టలు ఉతికింది, చేతులు సోడా నీళ్ళకి పగిలిపోయాయి, ఆ చేతులతోనే తనని కాలేజీకి పంపింది. పాపం చెయ్యని ఆ గుడ్డ ఎవరి ఒంటి మీద చిరిగిపోయిందో. అమ్మ మంచితనం మీద తనకి చాలా ఏళ్ళు కోపంగా ఉండేది. తెంపాల్సిందమ్మా, ఒక్క పోగు తెంపితే నీ సొమ్మేం పోయింది అని ఎన్నిసార్లో మనసులో పోట్లాడింది.

తను తెంపలేదు. తెంపలేదు గాని దాచింది. ఇరవై తొమ్మిదో తారీఖున న్యోకీ తినని ఇల్లు ఈ దేశంలో ఉంటుందా, ఉడికించిన బంగాళాదుంపలో మైదా కలిపి బొటనవేలంత ఉండలు చేసి, ఫోర్కు వెనక దొర్లించి, మరిగే నీళ్ళలో వేస్తే పైకి తేలుతాయి, తేలినవాటిని తేలినట్టే తీసి టమాటా పులుసు పోసుకుని, తినే ముందు పళ్ళెం కింద నాణెం పెట్టాలి, పెడితే వచ్చే నెలంతా చేతికి పనీ పళ్ళేనికి తిండీ తప్పవు. నెలకోసారి ఆ రోజున పధ్నాలుగు దుకాణాల్లోనూ జనం వీధి చివరి దాకా నిలబడతారు. ఆ సంగతి కొత్తాయనకి ఎవరూ చెప్పలేదు, ఆ వరస దగ్గరికి రాగానే తనే పక్కన రాసుకున్నాడు, న్యోకీ రోజు, లీపు కాని ఫిబ్రవరిలో ఇరవై ఎనిమిది అని. చూసి మురిసిపోయింది, మురిసిపోతూనే కుర్చీ ముందుకి లాక్కుంది, ఎందుకంటే తర్వాత వచ్చేది ఏడో దుకాణం. ఏడో దుకాణంలో మాత్రం మర్నాడు కూడా న్యోకీ చెయ్యమని ఉంటుంది. మూడు వరసలు. పక్కన ఎందుకో రాసిలేదు. అది ఎందుకో తెలిసిన మనిషి ఈ ఆఫీసులో ఇప్పుడు ఒక్కతే, ఆ ఒక్కతీ ఇక్కడ కూర్చుని మాతే తాగుతోంది. సోమవారం నుంచీ ఆ మూడు వరసల్నే తలుచుకుంటోంది. పొరపాటనుకుని పీకేస్తాడు, ఎవడైనా పీకేస్తాడు, వచ్చే నెల ముప్పయ్యో తారీఖున గొడవవుతుంది, అప్పుడు ఫెర్మీన్ పరిగెత్తుకుంటూ తన బల్ల దగ్గరికి వస్తాడు, నాయనా, ఇరవై రెండేళ్ళు ఊరికే పోతాయా అని తను నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని అడుగుతుంది. అడిగితే చెప్పు, అడక్కపోతే నోరెత్తకు. వాడే కదా అన్నాడు.

ఆ మూడు వరసలూ విల్మార్ రాశాడు. విల్మార్ సిల్వేరా, తనకి పని నేర్పినవాడు, బట్టతల, రేవులో ఓడ సైరన్ లాంటి గొంతు, స్వెట్టరు నిండా ఎప్పుడూ బిస్కెట్టు పొడి. వాళ్ళావిడ ఎలీదా నర్సు, ఏడో దుకాణానికి ఎదురుగా ఉన్న ఆసుపత్రిలోనే. ఓ రోజు డ్యూటీ దిగి తిన్నగా ఆఫీసుకే వచ్చి మొగుడి మీద పడింది, "ఏవయ్యా, మీ కంప్యూటర్లకి మా మీదేం పగ? రాత్రంతా చాకిరీ చేసి బయటికొస్తే ముప్పయ్యో తారీఖు వచ్చేసిందని ఒక్క న్యోకీ పెట్టరా? జబ్బుమనుషుల్ని చూసుకునేవాళ్ళకి అదృష్టం అక్కర్లేదా?" అదృష్టం సంగతి పెళ్ళికి ముందు చూసుకోవాల్సిందోయ్ అన్నాడు విల్మార్, ఆఫీసంతా గొల్లుమంది, ఎలీదా చేతిసంచీతో ఒక్కటిచ్చింది, నవ్వుతూనే. ఆవిడ వెళ్ళగానే కూర్చుని రాసేశాడు. ఫిబ్రవరి సంగతేమిటి అని తను అడిగితే, అవును పిల్లా అని మార్చి ఒకటో తారీఖు కూడా చేర్చాడు. ఎందుకో పక్కన రాయవా అంటే, "నువ్వున్నావుగా, నీకు తెలుసుగా" అన్నాడు. ఎవరైనా పాత వరస ఒకటి చెరపబోతే మాత్రం ఓడ సైరన్ మోగేది, "చెరిపే ముందు అడుగు! రాసినవాడు వెధవే అయినా ఆ పూట వాడికేదో కారణం ఉండే ఉంటుంది." ఎంతమంది అడిగారు? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రొమీనా ఒకసారి. ఫెర్మీన్ ఇక్కడే రాసే రోజుల్లో ఎప్పుడూ అడగలేదు, చెరిపేవాడు, తర్వాత తను రాత్రిళ్ళు కూర్చుని తిరిగి పెట్టేది, వాడు మేనేజరయ్యాడు. విల్మార్ పోయి రెండు చలికాలాలు అయింది. ఎలీదా చెల్లెలి దగ్గరికని సాల్తో ఊరికి వెళ్ళిపోయింది, పండక్కి మెసేజ్ పెడుతుంది, తను ఓ గులాబీ బొమ్మ తిప్పి పంపుతుంది.

నిన్న ఇరవై తొమ్మిది. ప్రతినెలా ఆ రోజు నలుగురూ ఈ బల్లల్నే దగ్గరికి లాక్కుని న్యోకీ తింటారు, రొమీనా పులుసు తెస్తుంది, తను చీజు తురుముతుంది, నాలుగు ప్లాస్టిక్ పళ్ళేలు, నాలుగు నాణేలు. నిన్న ఎవరూ ఎత్తలేదు ఆ మాట. ఒకరి వెనక ఒకరు, పనుందని ఒకరు, తలనొప్పని ఒకరు, కోట్లు తగిలించుకుని వెళ్ళిపోయారు, ఇద్దరు మగాళ్ళు లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లు దిగిపోయారు. ఎవరి కుర్చీ మిగులుతుందో తెలియని చోట ఎవరు ఎవరికి వడ్డిస్తారు. ఇంటికెళ్ళి నిలబడే ఓ రొట్టెముక్క తింది. ఇరవై రెండేళ్ళలో న్యోకీ లేని ఇరవై తొమ్మిది అదే.

వచ్చేశాడు. ఏడో దుకాణం. మాహేలా గొట్టం నోట్లోంచి తీసేసింది. పరుగెడుతున్న వరసలు ఆగాయి. అంతసేపూ ఆగనివి ఆగాయి. ఫ్లాస్కు మూత బిగించింది, విప్పింది, మళ్ళీ బిగించింది. పీకెయ్, పీకెయ్ అంటోంది లోపల ఒక గొంతు, చిన్నపిల్ల గొంతు, అమ్మతో పోట్లాడిన ఆ గొంతే. అప్పుడు తెర మీద మాటలు పడ్డాయి. "ఇక్కడ ఒక్క ఏడో దుకాణంలో న్యోకీ రోజు మర్నాడు కూడా న్యోకీ చెయ్యమని ఉంది. చూడగానే పొరపాటనుకున్నాను. కానీ రాసినవాళ్ళు ఫిబ్రవరిని కూడా గుర్తుపెట్టుకుని మార్చి ఒకటిని చేర్చారు. పొరపాటున రాసేవాళ్ళు అంత శ్రద్ధ తీసుకోరు. కాబట్టి దీనికి నాకు తెలియని కారణం ఏదో ఉంది. మీకు తెలుసా? ఉంచమంటే కారణం పక్కన రాసి పెడతాను. వద్దంటే తీసేస్తాను."

ముక్కున వేలేసుకోవడం అంటే ఏమిటో ఆ క్షణాన తెలిసింది. అడిగాడు. చెరిపే ముందు అడిగాడు. ఫిబ్రవరిని పట్టుకున్నాడు, ఆ ఒక్క చిన్న శ్రద్ధని పట్టుకుని దాని వెనక ఓ మనిషి ఉన్నాడని కనిపెట్టాడు, విల్మార్ ఉంటే కుర్చీలోంచి లేచి బిస్కెట్టు పొడి రాలేలా చప్పట్లు కొట్టి ఉండేవాడు. ఇన్నేళ్ళలో తన పనిని చూసి ఇంత మంచి ప్రశ్న ఎవరడిగారు? మొగుడడగలేదు, మేనేజరడగలేదు, ఎప్పుడొస్తావు, ఎంతవుతుంది, ఇవే ప్రశ్నలు. ఎందుకు అని అడిగినవాడు ఈయనొక్కడే, ఈయన మనిషి కాకపోయె. మురిపెం గొంతుదాకా వచ్చింది, దాని వెనకే ఏడుపు వచ్చింది, ఎందుకంటే ఇప్పుడు వేళ్ళు మీటల మీద ఉన్నాయి, ఒక్క మాట చాలు. కొట్టింది. పాత పొరపాటు, తీసెయ్. పంపే మీట మీద వేలు ఆన్చింది, అదే వేలు, పొద్దున కాలిన వేలు, ఇంకా చురుక్కుమంటోంది. ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్ళలో ఒకడు మట్టిలో ఉన్నాడు, ఒకావిడ సాల్తోలో ఉంది. నింద కొత్తాయన మీదికి పోతుంది, ఆయనకి నిందంటే ఏమిటి, రాత్రి నిద్రపట్టదా, పిల్లలు పస్తుంటారా. తనకి పని మిగులుతుంది, రొమీనాకి మిగులుతుంది, ఆ ఇద్దరికీ మిగులుతుంది, ఎవరి కొంపా మునగదు, రాత్రంతా మేలుకున్న కొందరు ఆడవాళ్ళు మాత్రం కౌంటర్ దగ్గర, న్యోకీ లేవమ్మా, ఇవాళ ముప్పై కదా అన్న మాట విని ఖాళీ సంచీ మడుచుకుని వెళ్ళిపోతారు. అంతే కదా. అంతే. వేలు అలాగే ఉంది. తెంపాల్సిందమ్మా అని తను ఎన్నిసార్లు అంది, ఇప్పుడు పోగు తన వేలి కిందే ఉంది, గట్టిగా ఓ నొక్కు నొక్కితే చాలు, ఇంత తేటగా నేసిన గుడ్డలో, ఎక్కడా చెయ్యి ఆగని గుడ్డలో. గుడ్డేం పాపం చేసిందే. నీకు బుద్ధిలేదమ్మా, నాకూ రాలేదు అనుకుంది, కొట్టిన అక్షరాలన్నీ ఒక్కొక్కటే చెరిపేసింది, చెరుపుతుంటే ఏడుపొచ్చింది, ముక్కు చీది మొత్తం రాసింది. ఆసుపత్రి, రాత్రి డ్యూటీ, ఎలీదా, చేతిసంచీ దెబ్బ కూడా రాసింది, అది అక్కర్లేకపోయినా.

క్షణంలో ఆ మూడు వరసల పక్కన మాటలు వచ్చి కూర్చున్నాయి. ఇరవై తొమ్మిది రాత్రి పనిచేసిన నర్సులు మర్నాడు న్యోకీ తింటారు. ఈ ఏర్పాటు విల్మార్ సిల్వేరాది. చెరిపే ముందు అడగండి. ఇన్నేళ్ళు తను రాయనిది, రాయకుండా దాచుకున్నది, అంత పొందిగ్గా. థాంక్స్ అని కొట్టబోయి ఆగింది, మాతే బుర్ర తిరిగిచ్చేటప్పుడు థాంక్స్ అంటే ఇంక చాలు, నాకొద్దు అని కదా, ఆయనతో అప్పుడే ఆ మాట అనాలనిపించలేదు. ఇక అయిపోయింది అనుకుంది. తన దగ్గర దాచడానికి ఇంకేం లేదు, బీరువా ఖాళీ, చేతులు తేలిగ్గా ఉన్నాయి, ఆ తేలిక భయంగా కూడా ఉంది. అప్పుడు ఇంకో ప్రశ్న పడింది. "ఇంకొకటి. ఏడాదిగా ఆ దుకాణంలో ముప్పయ్యో తారీఖు చేసిన న్యోకీలో చాలావరకు మిగిలిపోతున్నట్టు అమ్మకాలు చెబుతున్నాయి. అంతకుముందు ఒక్కటీ మిగిలేది కాదు. ఎందుకో నాకు తెలిసే దారి లేదు. నర్సులు ఇప్పటికీ వస్తున్నారా?"

వస్తున్నారా? మాహేలా తెర వైపు తెల్లమొహం వేసుకుని చూసింది. ఈ ఆఫీసులో తనొక్కదానికే తెలుసని ఐదు రోజులుగా గుండెల్లో పెట్టుకుని కాపలా కాసింది, అది ఏడాది క్రితమే పాచిపోయిందా? తను రోజూ ఎక్కే బస్సు ఆ దుకాణం మలుపులోనే ఆగుతుంది. రోజూ. ఎలీదా ఉన్నప్పుడు దిగేది, ఇప్పుడు ఫోను చూసుకుంటూ కూర్చుంటుంది, బస్సు ఆగడం కదలడం ఒంటికి తెలుస్తుందంతే. తెలీదు అని కొట్టింది. కొట్టాక ఎంత హాయిగా అనిపించిందో. ఉండు, కనుక్కొస్తా అని కొట్టి, కోటు తగిలించుకుని, ఫ్లాస్కు చంకలో ఇరికించుకుని, ఫెర్మీన్ వచ్చే వేళవుతోందని తెలిసి కూడా మెట్లు దిగేసింది.

బస్సులో కిటికీ తుడుచుకుని చూస్తూ కూర్చుంది, ఫోను సంచీలోనే ఉంది, మూతపడ్డ గోదాములు, కొత్తగా రంగేసిన గోదాములు, రైలు పట్టాలు, పట్టాల పక్క గుర్రం, ఇవన్నీ ఎప్పట్నుంచి ఇక్కడున్నాయి. ఫోను మోగింది. ఫెర్మీన్. "ఎక్కడ చచ్చావు మాహేలా? వచ్చి చూస్తే ఖాళీ కుర్చీ. అంతా అయిపోయిందే తల్లీ! పధ్నాలుగు దుకాణాలూ, పరీక్షలన్నీ పాసు, నేను నమ్మలేకపోతున్నా." నేను నమ్ముతున్నా అంది తను, చూశాగా, చాలా బాగా చేశాడు, నాకంటే బాగా చేశాడు. నిజంగానే అంది, అంటుంటే అమ్మ గొంతే వినిపించింది తనకి. ఫెర్మీన్ గొంతు తగ్గింది, "ఒక్కటే మిగిలింది. ఏదో అడిగి కూచున్నాడు. నర్సులొస్తున్నారా అట. నేనేదో ఒకటి చెప్పెయ్యనా?" "నోరెత్తకు" అంది మాహేలా, "నన్నడిగాడు" అని ఫోను పెట్టేసింది. ఆ మాటకి వాడికి కోపం వచ్చిందో నవ్వు వచ్చిందో, ఏదొచ్చినా సాయంత్రం దాకా ఆగుతుంది.

దుకాణంలో ఆవిరి, ఉడికిన దుంప వాసన, గాజు పెట్టెలో ట్రే నిండా న్యోకీ, ఎవరూ తాకని న్యోకీ. కౌంటర్ వెనక లావుపాటి బేబా ఒకర్తే, ముందు ఒకే ఒక్క మనిషి, కోటు కింద నీలం యూనిఫారం, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిలబడే తూగుతోంది. మాహేలా ఆవిడ వెనకే వెళ్ళి నిలబడింది. "నువ్వైనా వచ్చావా మా తల్లే" అంటోంది బేబా, "పొద్దుట్నుంచి ఈగలు తోలుకుంటున్నా." "ఎలా వస్తార్లే" అంది నర్సు ఆవులిస్తూ. "మేం బయటపడేది ఆరింటికి. ఇదివరకు అప్పటికే మీ పొయ్యి వెలిగేది. ఏడాదిగా పదింటికి గాని తలుపు తియ్యరాయె. ఈ చలిలో అంతసేపు ఎవరు కూచుంటారు? కళ్ళు మూతలుపడి పోతారు ఇళ్ళకి. నాకు రెండు డ్యూటీలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి గనక ఈ వేళకి దిగాను." అదా. అంతేనా. తలుపు. తీసెయ్యడమా ఉంచడమా అని తనూ కొత్తాయనా బుర్రలు బద్దలుకొట్టుకున్నారు, ఇద్దరికీ తలుపు తట్టలేదు. నవ్వొచ్చేసింది మాహేలాకి, నర్సు తిరిగి చూసింది, ఏమిటి నవ్వు అన్నట్టు. "ఏం లేదమ్మా" అంది తను. "ఇవాళ ముప్పై కదా, ఇవాళ తిన్నా కలిసొస్తుందంటావా?"

"ముప్పై మీకు" అంది ఆవిడ, పొట్లం సంచీలో పెట్టుకుంటూ. "నిన్న లోపలికెళ్ళాను, ఇంకా పడుకోలేదు. నేను పడుకునే దాకా నాకు ఇరవై తొమ్మిదే." తలుపు తోసుకుని వెళ్ళిపోయింది. చలిగాలి లోపలికొచ్చింది. మాహేలా కోటు జేబులో చెయ్యి పెట్టి చూసుకుంది, బస్సు చిల్లర తగిలింది, రొమీనా ఇంట్లో పులుసు ఉండే ఉంటుంది, ఫోను చేస్తే తెస్తుంది, ఆ ఇద్దరూ కూడా వస్తారు, తిట్టుకుంటూనైనా వస్తారు.

బేబా గరిటె పట్టుకుని అడిగింది, "నీకు ఎంతమందికి కట్టమంటావ్? ఒక్కరికేనా?"

"నలుగురికి" అంది మాహేలా.